జిలేబి చేప తొట్టి

నీలావతి మధ్యాహ్నం అన్నానికి బడి నుంచి వచ్చేసరికి, మారక్క పెరట్లో రాతి తొట్టి అంచు మీద గడ్డం ఆనించి నీళ్ళలోకి చూస్తోంది.

"ఏం చూస్తాండావు?"

"నా చేపల్ని. పొద్దున్నే వదిలినా."

నీలావతి పలక సంచి దించకుండానే తొంగిచూసింది. ఒక చిన్న చేప వెల్లకిలా తేలుతోంది. దాని తోక సగం లేదు. ఇంకొకటి మూలకు అతుక్కుని ఉంది. నీలావతి పెంచుకునే జిలేబి చేప రెక్కలు విప్పుకుని దాని ముందే నిలబడి ఉంది.

"నువ్వే గదా వదులుపో అన్నావు" అంది మారక్క.

పొద్దున జడ వేసుకుంటూ నీలావతి ఆ మాట అన్నది నిజమే. ఏమవుతుందో ఆమెకు తెలుసు. తన చేప ఎంత పౌరుషం గలదో మారక్క కూడా చూడాలనుకుంది.

అది బర్రెలు నీళ్ళు తాగే తొట్టి. పోయిన ఏడు మలేరియా వాళ్ళు వచ్చి పెనుకొండ ఇళ్ళ గోడలకు మందు కొట్టారు. నీళ్ళ తొట్లలో చేపలు వేసుకుంటే దోమలు పెరగవని చెప్పిపోయారు. నాయన గోవిందప్ప చెరువు నుంచి ఒక చేపను తెచ్చి తొట్టిలో వేశాడు. దాన్ని జిలేబి చేప అంటారు. పేరు తీపిదే గాని, నీళ్ళలో వేలు పెడితే వచ్చి పొడిచేది. నీలావతి పగిలిన కుండ పెంకులు తెచ్చి తొట్టి మూలలో దానికి ఇల్లు కట్టింది. కొన్నాళ్ళకు అది ఆ మూలే కాదు, తొట్టి మొత్తం తనదే అన్నట్టు తిరగసాగింది. తర్వాత నాయన తెచ్చి వేసిన చేపలు ఒక్కటీ బతకలేదు.

"మా జిలేబి ముందర ఇంకో చేప నిలబడదు" అని నీలావతి బడిలో చెప్పుకునేది.

మారక్క ఆమె మేనత్త కూతురు. వాళ్ళది రొద్దం పక్క పల్లె. ఈసారి వాళ్ళ బావి అడుగంటింది. అమ్మానాయనా గొర్రెల్ని తోలుకుని మేత ఉన్న దిక్కుకు పోతూ, వానలు పడేదాకా ఈమెను అవ్వ దగ్గర వదిలారు. మారక్క వెంట తెచ్చుకున్నది ఒక బట్టల మూట, ఒక ఇత్తడి చెంబు. బావి అడుగు బురదలో దొరికిన చేపలు రెండు ఆ చెంబులో ఉన్నాయి.

అవ్వ ఓబులమ్మ వచ్చి చూసింది. కొంగు నీళ్ళలోకి దించి, మూలన ఉన్న చేపను ఎత్తి ముంతలో వేసింది. ముంతలో రెండు కల్లుప్పు రాళ్ళు వేసింది.

"ఉప్పు నీళ్ళలో ఉంటే గాయం మాన్తాది."

"మానినంక?" అని మారక్క అడిగింది.

"మల్ల చూద్దాం."

"మల్ల కూడా అది తరుముతాది గదా అవ్వా. నా చేప యాడుండాల?"

అవ్వ నీలావతి వైపు చూసింది. నీలావతి అన్నానికి లోపలికి పోయింది.

లోపల గోడకు ఒక గూడు ఉంది. అందులో నీలావతి పలక, రిబ్బన్లు, చింతపిక్కలు, అద్దం ముక్క ఉంటాయి. మారక్క వచ్చిన రోజునే అమ్మ యశోదమ్మ "దానికీ రవంత చోటియ్యి" అంది. నీలావతి తన వస్తువులు కాస్త జరిపి, దీపం పొగకు నల్లబడిన చివరను చూపించింది. ఆ చోట మూట పట్టలేదు. అప్పటి నుంచి మారక్క మూట జొన్నల గాదె మీదే ఉంది. దాన్ని అందుకోవాలంటే ప్రతిసారీ ఆమె మునివేళ్ళ మీద లేవాలి.

శుక్రవారం తొట్టి కడిగే రోజు. నీలావతి బడి నుంచి వచ్చి బిందె తీసుకుని నీళ్ళకు పోయింది. అవ్వ జిలేబి చేపను పట్టి బక్కెట్టులో వేసి, పాత నీళ్ళన్నీ వంకాయ మడికి తోడిపోసింది. తొట్టిని పీచుతో రుద్ది కొత్త నీళ్ళు పోసింది.

"పెంకులు వెయ్యిమే" అని మారక్కతో అంది.

పెంకులు ఎలా ఉండేవో మారక్కకు గుర్తు లేదు. చేతికి వచ్చినట్టు ఒకటి ఈ పక్క, రెండు ఆ పక్క, ఇంకొకటి నడిమధ్య పెట్టింది. అప్పటికి ముంతలోని చేపకు గాయం మానింది. మారక్క దాన్నే ముందు వదిలింది.

నీలావతి బిందెతో వచ్చి చూసింది.

"ఎవరు మార్చింది? జిలేబి ఇల్లు ఆ మూలన గదా ఉండాల. ఏమీ తెల్దు నీకు."

బిందె దించి, పెంకులు సర్దడానికి చేయి నీళ్ళలో పెట్టబోయింది. అప్పటికే అవ్వ బక్కెట్టు వంచేసింది.

జిలేబి చేప నేరుగా మూలకు పోయింది. అక్కడ ఇల్లు లేదు. గోడ పొడుగునా ఒక చుట్టు తిరిగింది. ఒక పెంకు కింద తల పెట్టి చూసి బయటికి వచ్చింది. ఇంకొక పెంకు కింద చూసింది. చిన్న చేప కనిపిస్తే మీదికి దూకింది. అది చటుక్కున నడిమి పెంకు కిందికి దూరింది. జిలేబి కాసేపు ఆ పెంకు ముందు నిలబడి, మళ్ళీ చోటు వెతుక్కుంటూ పోయింది.

"ఏంటికి వదిలేసింది?" అంది నీలావతి.

మారక్క నీళ్ళలోకే చూస్తూ చెప్పింది. "దానికి గూడా తొట్టి కొత్తగా ఉండాది."

నీలావతి చేయి వెనక్కి తీసుకుంది. బర్రెలు ఇల్లు చేరేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. అప్పటికి జిలేబి ఒక పక్కన పెంకుల కింద చేరింది. చిన్నది నడిమి పెంకు వదలలేదు. జిలేబి అప్పుడప్పుడు తరుముతూనే ఉంది, కానీ సగం దూరం వచ్చి తిరిగిపోతోంది.

దీపం పెట్టే వేళకు నీలావతి గూట్లో ఉన్నవన్నీ నేల మీదికి దించింది. తడిగుడ్డతో మసి తుడవసాగింది.

"ఈ పొద్దుగూకే వేళ ఏం పనిమే అది?" అని యశోదమ్మ అడిగింది.

"ఏం లేదు."

తుడవడం అయ్యాక గాదె మీది మూట దించి మారక్క చేతికిచ్చింది.

"ముందు నువ్వు పెట్టుకో."

"యాడ పెట్టల్ల?"

"యాడన్నా పెట్టు."

మారక్క కాసేపు గూడును చూసింది. మూటను సరిగ్గా పలక ఉండే చోటే పెట్టింది. పక్కన ఖాళీ చెంబు పెట్టింది.

నీలావతి నేల మీది పలక తీసుకుని, మిగిలిన చోట పెట్టుకుంది.