నలభై గ్రాముల మురికి

పళ్లెంలో పెట్టిన మగ్గం నాడె చుట్టూ పోలికయంత్రం నీలం గీతను ఒకసారి తిప్పి, ‘అచ్చవుతుంది’ అని చూపించింది. నాంచారయ్య నాడెను తీసి, వెనక్కి పంపే తిరుగుబుట్టలో వేశాడు. అది తెచ్చినవాడు వేటపాలెం నేతగాడు మార్కండేయులు. ఆకాశంలోని మూడో వలయంలో చిరిగిన వెలుగుతెరలకు చేత్తో అతుకులు నేసే పని దొరికింది అతనికి. పైకి వెళ్లాక కొత్త నాడె అచ్చేసి ఇస్తారని నాంచారయ్య రోజూ రెండువందలసార్లు చెప్పే మాటే చెప్పాడు. మార్కండేయులు బొటనవేలి చోట గుంటపడిన ఆ కర్రముక్కను మరోసారి చూసుకుని, వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

సూర్యలంక ఊర్ధ్వరేవులో చేతిమూట మూడు కిలోలు. అంతకు మించి ఒక్క గ్రాము కూడా ఆకాశానికి పాకే తాడుపెట్టె ఎక్కదు. ఆ మూడు కిలోల్లోనూ అచ్చుపడే వస్తువు ఉండకూడదు. పైన అచ్చుశాలలో చిటికెలో తయారయ్యేదాన్ని భూమి మీంచి మోసుకుపోవడం దండగని చదువుకున్నవాళ్లు రాసిపెట్టారు. బట్టలు, చెప్పులు, దువ్వెనలు, దేవుడి పటాలు అన్నీ అచ్చవుతాయి. పోనిచ్చేవి విత్తనాలు, పెరుగుతోడు, ఎవరో ఒకరు కాగితంలో చుట్టి తెచ్చుకునే చంటిపిల్ల పుట్టువెంట్రుకలు. పోలికయంత్రం మాట కాదనడానికి, మూటలు తనిఖీ చేసే మూటదారుకు ఒక అడ్డముద్ర ఉంది. ఏడో తరగతిలో బడి మానేసిన నాంచారయ్యకు అధికారం ఇచ్చినట్టే ఇచ్చి, దాన్ని సొరుగులో పెట్టించారు. తొమ్మిదేళ్లలో అది బయటికి రాలేదు.

తర్వాత వచ్చిన మనిషి మూట విప్పితే అందులో ఒకటే వస్తువు ఉంది. నల్లటి ఇనప పెనం, రెండు కిలోల ఆరువందల గ్రాములు. పక్కన నూనెగుడ్డలో చుట్టిన సగం ఉల్లిపాయ. ఇంకేమీ లేదు.

ఆమె పేరు అంకమ్మ, ఊరు రేపల్లె. స్టేషను ఎదురుగా ఇరవై నాలుగేళ్లు అట్లు పోసింది. మూడో వలయంలో మూడువందల మందికి వంటమనిషిగా పోతోంది. బట్టలేవీ అని నాంచారయ్య అడిగాడు. అచ్చేస్తారంట గదా, అంది. అట్లకాడ? అదీ అచ్చేసుకుంటానంది. చెప్పులు కూడా బయట తమ్ముడికి ఇచ్చేసి వట్టికాళ్లతో నిలబడింది. ఇంత తేలిగ్గా సర్దుకున్న ప్రయాణికురాలిని అతను చూడలేదు. అయినా ఆమె దగ్గరున్న ఆ ఒక్కటీ అచ్చయ్యేదే.

పోలిక కూడా అదే అంది. ఇనుము, ముప్పై ఒక్క సెంటీమీటర్లు, అచ్చవుతుంది.

నాంచారయ్య చెయ్యి పెనం మీదికి పోయేసరికి అంకమ్మ చెయ్యి అప్పటికే దాని మీద ఉంది.

“అన్నయ్యా, నాకంటే ముందు పోయినావిడ పది రోజులకే దిగొచ్చింది, తెలుసా?”

“తెలియదు. ఎందుకు?”

“అచ్చేసిన పెనం మీద అట్టు లేవలా. ముక్కలు ముక్కలుగా పెడితే వాళ్లు ఎన్నాళ్లు తింటారు? పది రోజులు చూసి పంపేశారు. నన్నూ పంపేస్తే, రేపల్లెలో నా బండి చోటు ఇప్పటికే ఇంకొకడికి పోయింది. ఎక్కడ నిలబడాలి నేను?”

కావాలంటే సరిపోలు పరీక్ష అడగవచ్చని అతను అయిష్టంగానే చెప్పాడు. నియమాల్లో అది ఉంది. నకలు, అసలు పక్కపక్కన పెడతారు. ఏది ఏదో ప్రయాణికుడు కళ్లకు గంతలతో తడిమి చెప్పాలి. ఇంతవరకు ఆ పరీక్ష అడిగినవాడు లేడు. అంకమ్మ గంతలు వద్దంది. పొయ్యి కావాలంది.

అలాంటి పరీక్ష నియమాల్లో లేదు. వద్దని కూడా లేదు. సిబ్బంది టిఫిన్ల గదిలో పొయ్యి ఉంది, పొద్దుటి పిండి సగం తపేలా మిగిలింది. అసలు సంగతేమిటో చూడాలనిపించింది నాంచారయ్యకు. చాలా ఏళ్లుగా అతనికి ఏదీ చూడాలనిపించలేదు. మాదిరి యంత్రంలో నకలు అచ్చేయించి, రెండు పెనాలూ పట్టుకుని లోపలికి నడిచాడు. వరసలోని జనం మూటలు చంకన పెట్టుకుని తలుపు దగ్గర మూగారు.

నకలు పెనం నిగనిగలాడుతోంది. అంకమ్మ దాన్ని కాచి, నూనె రాసి, ఉల్లిపాయతో రుద్ది అట్టు పోసింది. అట్లకాడ అంచు కింద దూరలేదు. గీకితే నడుమ చిరిగి, సగం పెనానికే కరుచుకుని మాడింది. తన పెనం మీద రెండోది పోసింది. అంచులు ఎర్రబడ్డాక పెనం పిడి పట్టుకుని చిన్నగా కుదిపింది. అట్టు గుండ్రంగా తిరిగి, అట్లకాడ అవసరం లేకుండానే పళ్లెంలోకి జారింది. తలుపు దగ్గర ఎవరో, కారప్పొడి ఉంటే బాగుండేదన్నారు.

నాంచారయ్య రెండు పెనాలూ తూచాడు. నకలు నలభై గ్రాములు తక్కువ. ఎందుకని అడిగితే పోలిక జవాబు చూపించింది: మురికి, నలభై గ్రాములు, తీసివేయబడింది.

“ఆ మురికితో సహా అచ్చెయ్యి.”

మురికికి అచ్చు లేదు, అంది యంత్రం.

నాంచారయ్యకు తొమ్మిదేళ్లలో బుట్టలో వేసినవి గుర్తొచ్చాయి: ఒకవైపు అరిగిన చెప్పులు, నడుమ పల్లం పడ్డ చపాతీకర్రలు, మంగలి తోలుపట్టీలు. మురికిని తీసేసి, అరుగుదలను లోపమని సరిచేసి, అన్నిటికీ కొత్తవే అచ్చేసింది పోలిక. ఇచ్చినవాళ్లు ఏమీ అనలేదు. అనడం వాళ్లకు రాదు. వినడం తనకూ రాలేదు.

సొరుగు బిగుసుకుపోయింది. గుంజి లాగి అడ్డముద్ర తీశాడు. ఒకసారి వేస్తే అది అన్ని రేవుల పోలికలకూ పాఠమవుతుందని, వేసినవాడు జవాబు చెప్పుకోవాలని దాని మీద రాసి ఉంది. కూడబలుక్కుని చివరిదాకా చదివాడు. చదివి, వేశాడు.

తెర మీద ఖాళీ గడి ఒకటి వచ్చింది. ఈ నలభై గ్రాముల పేరు?

నాంచారయ్య అంకమ్మను అడిగాడు.

ఆమె అప్పుడే చల్లారిన పెనాన్ని నూనెగుడ్డలో చుడుతోంది. “పేరేముందయ్యా. పని.”

అతను రెండక్షరాలూ నొక్కాడు.

యంత్రం మీది నీలం దీపం పసుపయింది. సముద్రం మీద పైకి కదలబోతున్న తాడుపెట్టె కూత ఆపి నిలిచిపోయింది. మిగతా రేవుల్లోనూ మూటలు మళ్లీ చూడాలని తెర మీద చూపించింది పోలిక. బల్ల మీద ఫోను మోగసాగింది. అది రేవు పెద్దసారు ఫోనని అందరికీ తెలుసు. నాంచారయ్య దాన్ని తీయలేదు. అంకమ్మ మూటకు చీటీ కట్టి గేటు చూపించి, తిరుగుబుట్టలో చెయ్యిపెట్టి నాడెను బయటికి తీశాడు.

“మార్కండేయులూ, ఇట్టా రావయ్యా.”

బెంచీ మీది మనిషి లేచి వచ్చాడు. నాడె పళ్లెంలో పడింది. గీత ఈసారి నెమ్మదిగా తిరిగింది. బొటనవేలి గుంట దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ చూసింది.

పని: అరిగి ఆరు గ్రాములు తక్కువ. అచ్చు కాదు.

ఫోను ఇంకా మోగుతూనే ఉంది. వరసలో వెనకున్నవాళ్లు బయటికి పంపేసిన వస్తువుల కోసం కేకలు వేస్తున్నారు.