ఒక డిగ్రీ సైన్

"సబ్హాన్ గోడౌన్‌లో బాంబు పేలుతుంది. నింద మనవాళ్ళ మీద పడుతుంది. కువైట్‌లోని భారతీయులందరినీ వెళ్ళగొడతారు. ఆపు."

1983లో చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. ఏజెంట్ ఖాజావలి ఏసీ మెకానిక్ వేషంలో గోడౌన్‌లోకి దూరాడు. గోడకవతలే లేబర్ క్యాంప్. శుక్రవారం సెలవు. నిజామాబాద్, రాయచోటి మనుషులు గదుల్లో వంటలు చేసుకుంటున్నారు.

పెట్టెల వెనక బాంబు కనిపించింది. టైమర్ నడుస్తోంది. దాన్ని ఆపే తాళానికి నాలుగు డయల్స్, ఒక్కోదాని మీద అరవై అంకెలు. తప్పు తిప్పితే వెంటనే పేలుతుంది.

ఆ తాళం డిజైన్ దిల్షాద్ బీది. నల్లకళ్ళద్దాల హైదరాబాదీ అందగత్తె. పైకి విదేశీ ముఠాకు రహస్య కోడ్ల ఎక్స్‌పర్ట్, లోపల మన ఏజెంట్. కోడ్ ఎక్కడా రాసిపెట్టొద్దని ముఠా నాయకుడు కార్వర్ అంటే, పదులకు బదులు అరవైలతో సాగే పాతకాలపు ముస్లిం ఖగోళ పండితుల లెక్కలో, త్రికోణమితిలోని ఒక డిగ్రీ సైన్ విలువ పెట్టించింది. దాన్ని ఖాజావలికి ఫోన్‌లో చెప్పాల్సిందీ ఆమే.

గోడౌన్ ఫోన్ మోగింది. దిల్షాద్ ఇంగ్లీషులో నాలుగు అంకెలు చదివి, గబుక్కున తెలుగులోకి మారింది.

"మల్ల దాంట్లనే ఎయ్..."

చెంపదెబ్బ చప్పుడు. కార్వర్ ఫోన్ లాక్కున్నాడు. ఆమె ఎలాగూ హెచ్చరించేసిందనుకుని, అవి తన తుపాకి చదివించిన తప్పు అంకెలని, ప్రాణం మీద ఆశుంటే పారిపొమ్మని నవ్వాడు.

"నేను యాడికీ పోను. గోడకవతల మావోళ్ళుండారు," అన్నాడు ఖాజావలి. కార్వర్‌కు తెలుగు రాదన్నది అతను పట్టించుకోలేదు. ఫోన్ పెట్టేశాడు.

మళ్ళీ దాంట్లోనే వేయడం. అంటే ఒక డిగ్రీ సైన్ కనుక్కునే పాతకాలపు పండితుడు అల్-కాషీ పద్ధతి. ఢిల్లీ ట్రైనింగ్‌లో దిల్షాదే నేర్పింది. మూడు డిగ్రీల సైన్ ఖాజావలికి కంఠతా వచ్చు. దాంతో పాటు ఏదో ఒక ఉజ్జాయింపు అంకెను సూత్రంలో వేయాలి. వచ్చిన జవాబును మళ్ళీ అందులోనే వేయాలి. మొదటి అంకె తప్పైనా, మళ్ళీ మళ్ళీ వేసేకొద్దీ తప్పు కరిగిపోతుంది.

కార్వర్ ఇచ్చిన తప్పు అంకెలనే వాచ్ కాలిక్యులేటర్‌లో వేశాడు. జవాబు మారింది. మళ్ళీ వేశాడు. కొంచెమే మారింది. మళ్ళీ వేశాడు. మారలేదు. దాన్ని అరవైలలోకి మార్చి డయల్స్ తిప్పాడు. ఒకటి. రెండు. నలభై తొమ్మిది. నలభై మూడు.

ఆఖరి సెకనులో టైమర్ ఆగింది. గోడకవతల ఎవరో అన్నానికి పిలుస్తున్నారు.

ఈలోగా కువైట్ పోలీసులు ఫోన్ ఆచూకీ పట్టి రుమైథియాలో కార్వర్ ఉన్న ఇంటిని చుట్టుముట్టారు. బేడీలు పడ్డాక కూడా కార్వర్ ఒకటే అడుగుతున్నాడు, తానిచ్చింది తప్పు నంబరే కదా అని.

దిల్షాద్ పెదవి మీది నెత్తురు తుడుచుకుంది.

"తప్పుతో మొదలుపెట్టినా ఒప్పు దగ్గరికి చేర్చే లెక్క అది, కార్వర్. మనుషుల మీద మాత్రం పనిచేయదు."