ఐదో వరస

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. పొయ్యి పక్కన పరుపు మీద దుర్ముష్ తాత. ఆయన తొడ మీద తల పెట్టుకుని దగ్గుతున్న తమ్ముడు సాలిహ్. టీ గ్లాసులు తెచ్చిపెడుతున్న అమ్మ. బురద బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయిన నాన్న. బల్ల దగ్గర, పురుగుమందుల కొట్టు నుంచి వచ్చిన వ్యవసాయ ఇంజనీరు. అందరి వెనకా, గోడకు ఆనుకుని, పదేళ్ల నెర్గిస్.

ఇంజనీరు టీ ముట్టుకోలేదు. బల్ల మీద పరిచిన మిరపాకులనే చూస్తున్నాడు. ఆకుల నిండా పసుపు మచ్చలు. అంచులు ముడుచుకుపోయాయి. పక్కనున్న కాయ ముసలివాళ్ల వేలిలా వంకర తిరిగి ఉంది.

"ఇది పురుగు కాదు, తెగులు," అన్నాడాయన. "దీనికి మందు లేదు. పీకి తగలబెట్టాలి."

"మొత్తమా?" అన్నాడు నాన్న.

"మచ్చలు కనబడ్డ మూడు వరసలూ ఈరోజే పీకండి. మిగతావి దేవుడి దయ."

బయట వాన. దెమ్రె ఊరి వెనక కొండల మీద మంచు. ఈ చలికాలంలో ప్లాస్టిక్ కప్పు వేసిన గ్రీన్‌హౌస్‌లో కాసే మిరపకాయలే ఆ ఇంటికి ఏడాది తిండి. పోయినేడు వడగళ్లకు కప్పు చిరిగి పంట పోతే, నాన్న ఇస్తాంబుల్ వెళ్లి ఇళ్లు కట్టే పనిలో చేరాడు. చాలా నెలలు తిరిగి రాలేదు. సాలిహ్ ఆయన్ని గుర్తుపట్టక ఏడ్చాడు కూడా.

"ఇంట్లో పొగాకు అలవాటు ఎవరికుంది?" అని అడిగాడు ఇంజనీరు.

"నాకే," అన్నాడు తాత. "అయితే ఏం? ఈ కోడలు నన్ను ఆ గ్రీన్‌హౌస్ గడప తొక్కనిస్తేగా! పెళ్లింటి కుక్కలా బయటే కూర్చుంటాను."

"పొగ తాగేవాళ్లెవరినీ రానివ్వనండీ," అంది అమ్మ. "కూలికొచ్చినవాళ్లలో ఎవరైనా తాగితే గుమ్మం దగ్గరే పాలతో చేతులు కడిగిస్తాను. పాలు తగిలితే తెగులు అంటదంటారుగా."

"తాగక్కర్లేదమ్మా. తెగులు పొగాకులోనే ఉంటుంది. దాన్ని ముట్టుకున్న వేళ్లతో మొక్కను గిల్లితే చాలు. ఇక ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు ఆ చేతులే మోసుకుపోతాయి."

నెర్గిస్ చేతులు వెనక్కి పెట్టుకుంది.

తాత చేతులు వణుకుతాయి. కాగితంలో పొగాకు పెట్టి చుట్టబోతే సగం ఒళ్లో పడుతుంది. అందుకని నెర్గిసే చుట్టి, రేకు డబ్బాలో పేర్చి పెడుతుంది. "ఇంత చక్కగా ఫ్యాక్టరీలో కూడా చుట్టరే," అంటాడు తాత. చలికాలం సెలవులు మొదలైన రోజు ఆమె డబ్బా నిండా చుట్టింది. ఇంతలో అమ్మ పిలిచింది. అలాగే పరిగెత్తి, మిరప మొక్కల పిలకలు గిల్లింది. మూడు వరసలు గిల్లింది. గుమ్మం దగ్గర పాల గిన్నె ఉంది. అది పొగ తాగేవాళ్లకు కదా అనుకుంది. తను తాగలేదుగా!

నాన్న తాత వైపు తిరిగాడు. "నిజం చెప్పు నాన్నా. మేం లేనప్పుడు లోపలికి వెళ్లావా?"

తాత నెర్గిస్ వైపు చూశాడు. ఆమె వెనక దాచుకున్న చేతుల వైపు చూశాడు.

"వెళ్లే ఉంటానురా," అన్నాడు మెల్లగా. "వెచ్చగా ఉంటుందని వెళ్లుంటాను. ముసలాణ్ని, గుర్తుండి చస్తుందా?"

"ఇంటిల్లిపాది నోట్లో మట్టి కొట్టావు!" అన్నాడు నాన్న. వానలోకి వెళ్లిపోయాడు.

నెర్గిస్ గుమ్మం దాకా పరిగెత్తి, అక్కడే ఆగిపోయింది. 

కాసేపటికి అందరూ గ్రీన్‌హౌస్‌లో ఉన్నారు. నాన్న మొక్కలు పీకుతున్నాడు. అమ్మ వాటిని గోనెసంచుల్లో కుక్కుతోంది. ఒక్కో మొక్కా కాయలతో సహా వస్తోంది. కొన్ని కాయలు నున్నగా, బాగానే ఉన్నాయి. వాటిని కూడా కుక్కాల్సిందే. అమ్మ మాటిమాటికీ భుజంతో ముక్కు తుడుచుకుంటోంది. నెర్గిస్‌ను మాత్రం దేన్నీ ముట్టుకోనివ్వలేదు. చేతులు పాలతో, తర్వాత సబ్బుతో కడుక్కుని వచ్చినా సరే, వరసల మధ్య దారిలోనే నిలబడమంది.

తాత బయట, బోర్లించిన కాయల పెట్టె మీద కూర్చున్నాడు. సగం ఒంటి మీద వాన పడుతోంది. నాన్న సంచులు మోసుకుంటూ ఆయన ముందు నుంచే వెళ్లాడు, వచ్చాడు. ఒక్కసారి కూడా ఆయన వైపు చూడలేదు.

పక్క గ్రీన్‌హౌస్ పొరుగింటి జెకియె అత్త వాళ్లది. మధ్యలో సన్నటి కాలువ, అంతే. అటు నుంచి ఆవిడ కూతురు జెయ్లాన్ అరిచింది.

"ఏమే నెర్గిస్! పిలకల పందెంలో మళ్లీ ఓడిపోతానని దాక్కున్నావా?"

నెర్గిస్ గిరుక్కున అటు తిరిగింది. పందెం! అదీ ఆ రోజే. ఇక్కడ పని కాగానే జెయ్లాన్ పిలిస్తే అక్కడికి వెళ్లింది. తలుపు నుంచి ఐదో వరస తనది, ఆరోది జెయ్లాన్‌ది. ఎవరు ముందు చివరికి చేరతారో చూద్దామని నవ్వుకుంటూ గిల్లారు.

"మాట్లాడవేం? మేం ఇవాళ మళ్లీ మొదలుపెట్టాం," అని అరిచింది జెయ్లాన్. "నాలుగు వరసలు అయిపోయాయి కూడా. మొత్తం గిల్లేదాకా అమ్మ నన్ను వదలదట!"

నాలుగు అయిపోయాయి. తర్వాతిది ఐదోది. అక్కణ్నుంచి వాళ్ల చేతులు చివరి వరస దాకా మోసుకుపోతాయి.

"నాన్నా," అంది నెర్గిస్. "తాత లోపలికి రాలేదు. నేనే. పొగాకు చుట్టి, చేతులు కడుక్కోకుండా వచ్చాను."

నాన్న నడుం ఎత్తాడు. తాత కూర్చున్న వైపు చూశాడు. మసక ప్లాస్టిక్ అవతల వంగిన వీపు ఒకటి కనబడుతోంది. నాన్న మొహం ఎలాగో అయిపోయింది.

"ఇంట్లో అడిగినప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది." ఆమె కాలువ అవతలికి చూపించింది. "జెకియె అత్త వాళ్ల ఐదో వరస కూడా నేనే గిల్లాను నాన్నా. వాళ్లిప్పుడు అక్కడికే వస్తున్నారు."

"మెల్లగా మాట్లాడు!" నాన్న అటువైపు ఓసారి చూశాడు. "మనకు నీళ్లొచ్చేది ఆవిడ బావిలోంచి. ఆవిడకు కోపమొచ్చి మోటారు ఆపిందంటే, మిగిలిన మొక్కలు కూడా ఎండిపోతాయి. అక్కడ ఇంకా ఏ మచ్చా కనబడలేదు కదా. నువ్వు ఊరుకో."

"కనబడేసరికి..."

"ఊరుకోమన్నానా!"

నాన్న మొహం తిప్పుకుని ఇంకో మొక్క పట్టుకున్నాడు. పీకలేదు. ఊరికే పట్టుకుని నిలబడ్డాడు.

నెర్గిస్ అమ్మ వైపు చూసింది. అమ్మ దారికి అడ్డంగా ఉన్న గోనెసంచిని కాలితో పక్కకు జరిపింది.

నెర్గిస్ బయటికి వచ్చింది.

"వానలో ఎక్కడికే, చిట్టీ?" అన్నాడు తాత.

"జెకియె అత్త దగ్గరికి. నాన్నకు అంతా చెప్పేశాను తాతా. నువ్వు లోపలికెళ్లి పొయ్యి దగ్గర కూర్చో."

"నా మీదే ఉండనివ్వాల్సింది. నాకేం, మోసేవాణ్ని." తాత లేవబోయాడు. "ఆగు, నేనూ వస్తాను."

"వద్దు. నువ్వు చాలా తడిశావు."

ఆమె కాలువ దాటింది. జెకియె అత్త వాళ్ల తలుపు తెరిచే ఉంది. లోపలి నుంచి వెచ్చటి గాలి మొహానికి తగిలింది. జెకియె అత్త ఐదో వరస మొదట్లో ఉంది. ఆవిడ చెయ్యి రెండో మొక్క మీద ఉంది.

"అత్తా, ఆగు! ముట్టుకోకు!"

"అమ్మో, అరిచి చంపేట్టున్నావే!" అని నవ్వింది జెకియె అత్త. "నిలువునా తడుస్తున్నావు, లోపలికి రా."

నెర్గిస్ చేతులు చంకల్లో పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"రాను అత్తా. మా మొక్కలకు తెగులొచ్చింది. పీకేస్తున్నాం. నేనే తెచ్చాను, పొగాకు ముట్టుకున్న చేతులతో. ఆ రోజే మీ ఐదో వరస కూడా గిల్లాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా."

జెకియె అత్త నవ్వు ఆగిపోయింది. రెండు చేతులూ ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుంది.

"అంటే నా ఆరోది కూడానా?" అంది జెయ్లాన్.

"నోర్ముయ్! ఎక్కడిదానివి అక్కడే ఉండు. దేన్నీ తాకకు." ఆవిడ నెర్గిస్ వైపు తిరిగింది. "మీ నాన్న పంపాడా?"

"లేదు అత్తా."

"ఆయనకు తెలుసా?"

నాన్నకు తెలీదని చెబితే నీళ్లు ఆగవేమో. నెర్గిస్‌కు ఆ ఆలోచన వచ్చింది.

"తెలుసు," అంది.

జెకియె అత్త తలుపు దాకా నడిచి వచ్చింది. నెర్గిస్ మొహంలోకి చూడలేదు. మోచేత్తో తలుపును నెట్టి మూసేసింది.