తొందర ఎవరిది?

ఆ గుమ్మంలో ఇద్దరు ఒకేసారి పట్టరు. ఒక మనిషీ, నిలువెత్తు వయొలిన్‌లా ఉండే ఒక డబుల్ బాసూ అయితే అసలే పట్టరు. ఆ సంగతి నాకు ముందే తెలిసుంటే ఈ కథే ఉండేది కాదు.

వేసవి సెలవుల్లో కుర్రకారు కోసం పెట్టిన జాజ్ బిగ్ బ్యాండ్ క్యాంపు అది. మొదటి రోజే ఆలస్యమైంది. చేతుల్లో రెండు డ్రమ్ములు, వీపు మీద సింబల్స్ అనే ఇత్తడి తాళాల సంచి వేసుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చేసరికి, రిహార్సల్ హాలు గుమ్మంలో ఒక పేద్ద నల్ల కవరు అడ్డంగా నిలబడి ఉంది. నా కంటే ఎత్తు. దాని వెనకనుంచి ఒక గొంతు.

“ఆగండి. కవరు గడియకి తగులుకుంది.”

“పక్కనుంచి దూరిపోతానండీ, లేటయిపోయింది.”

“దూరకండి! చెప్తున్నానా...”

దూరాను. సంచి జిప్పు ఊడింది. సింబల్స్ ఒకదాని వెనక ఒకటి మెట్ల మీదుగా దొర్లుకుంటూ కింది అంతస్తు దాకా వెళ్ళాయి. ఆ చప్పుడుకి లోపల వాయిస్తున్న ట్రంపెట్లు ఆగిపోయాయి.

కవరు పక్కనుంచి ఒక ముఖం బయటికొచ్చింది. చిన్న ముఖం, పెద్ద కళ్ళు, చెమటకి నుదుటికి అతుక్కున్న జుట్టు.

“ఇదేనా మీ సోలో?” అంది.

నేను సింబల్స్ వెంట కిందికి పరుగెత్తాను.

సాయంత్రానికల్లా ట్రంపెట్ల వాళ్ళు మా ఇద్దరికీ పేర్లు పెట్టేశారు. తన కంటే పెద్ద బరువు మోసుకొస్తుంది కాబట్టి ఆమె చీమ. నేను ఎక్స్‌ప్రెస్. అసలు పేర్లు హాజరు పిలిచేటప్పుడు తప్ప మళ్ళీ వినపడలేదు.

బిగ్ బ్యాండ్ అంటే చిన్న వ్యవహారం కాదు. ముందు వరుసలో శాక్సోఫోన్లు, వాళ్ళ వెనక ట్రాంబోన్లు, ఆ వెనక ట్రంపెట్లు. ఒక పక్కన పియానో, బాస్, డ్రమ్స్. ఇంతమందినీ నడిపించాల్సింది మాత్రం బాసూ డ్రమ్సే. ఆమె వేలు తీగె మీటడం, నా స్టిక్ సింబల్ మీద పడటం ఒకేసారి జరగాలి. అందుకని మమ్మల్ని పక్కపక్కన పెట్టి, “మీరిద్దరూ పాట ఉన్నంతసేపూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ ఉండాలి” అన్నారు బ్యాండ్ నడిపే మాస్టారు.

ఇంత మంచి హోంవర్క్ నాకు జన్మలో ఎవరూ ఇవ్వలేదు. బుద్ధిగా చేశాను.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయనది వాచీలు బాగుచేసే షాపు. నేను నెలలు నిండకముందే పుట్టానట. అప్పటినుంచీ అన్నిటికీ తొందరేనట. పాలు పొంగకముందే దించేస్తాను, ప్రశ్న పూర్తికాకముందే జవాబిస్తాను, బస్సు ఆగకముందే దిగుతాను. “వాచీల ఇంట్లో టైము లేనివాడు పుట్టాడు” అన్నది మా చుట్టాలందరి జోకు.

మ్యూజిక్ కాలేజీలో చేరతానంటే నాన్న కాదనలేదు. అలాగని సరే అనీ అనలేదు.

“క్యాంపు చివర కాన్సర్ట్ ఉందన్నావుగా, వస్తాను” అన్నారు. “డ్రమ్స్ ముందు కూర్చుని, ఏ వేగంతో మొదలుపెట్టావో ఆ వేగంతోనే పూర్తి చెయ్యి. చేశావా, కాలేజీకి నేనే దింపుతాను. లేదంటే షాపులో నా పక్కన స్టూలుంది.”

ఆ స్టూలు నాకు బాగా తెలుసు. దాని మీద కూర్చుంటే నాకు కాళ్ళు ఆగవు.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. మేము ఏ పాట పట్టుకున్నా అది పరుగెత్తడం మొదలుపెట్టింది. నింపాదిగా మొదలయ్యేది, సగానికి వచ్చేసరికి ఊపందుకునేది, చివరికి శాక్సోఫోన్ల వాళ్ళు ముఖాలు ఎర్రబడి రొప్పుతూ కూర్చునేవాళ్ళు.

“ఏమయ్యా ఎక్స్‌ప్రెస్,” అన్నారు మాస్టారు, “తర్వాతి స్టేషన్లో ఏమైనా పనుందా?”

అందరూ నవ్వారు. చీమ మాత్రం నవ్వలేదు. బాస్ మెడ పట్టుకుని నేల చూస్తూ నిలబడింది.

ఒక సాయంత్రం క్యాంపు వదిలేసరికి కుండపోత. రేకుల పంచ కింద మేమిద్దరమే మిగిలాం. నా దగ్గర ఒక గొడుగుంది.

“రండి, బస్‌స్టాప్ దాకా గొడుగు పడతాను.”

“నాకెందుకు? దీనికి పట్టండి” అంది బాస్ చూపించి. “ఈ కవరు వానకి ఆగదు.”

అలా గొడుగు బాస్ మీద, వాన మా మీద. దారినపోయే వాళ్ళు ఆగి మరీ చూశారు. బస్‌స్టాప్ చేరేసరికి బాస్ కవరు మీద నాలుగు చుక్కలు కూడా పడలేదు, మా చెప్పుల్లో మాత్రం నీళ్ళు కప్పుల లెక్కన ఉన్నాయి.

ఆమె నన్ను ఎగాదిగా చూసి పక్కుమంది.

“నవ్వండి, ఫరవాలేదు. కానీ మీరూ మీరూ అంటూ నవ్వకండి. ముసలాణ్ణయిపోయినట్టుంది.”

“సరే. నువ్వు తడిసిన కోడిలా ఉన్నావు.”

ప్రపంచంలో ఇంతకంటే మంచి మాట ఇంకోటి లేదనిపించింది నాకు.

అంతలో ఆమె నవ్వు తగ్గించి, “ఒక్క మాట చెప్తా, ఏమీ అనుకోకు” అంది. “పాటలో నన్నలా తరమకు. ఇదివరకు ఒక టీచర్ ‘నీ చేతికి నిలకడ లేదమ్మా, ఇంకేదైనా నేర్చుకో’ అన్నారు. రెండేళ్ళు దీన్ని ముట్టుకోలేదు. ధైర్యం చేసి ఇక్కడికొచ్చాను. ఇక్కడ కూడా పాడైతే ఇంక వాయించను.”

“నేను తరుముతున్నానా?”

“మరెవరు? నా వెనక ఎవరో పడుతున్నట్టే ఉంటుంది నాకు.”

నిజానికి ఆమే ముందుకు లాగుతోందనీ, నేను వెంట పరుగెత్తుతున్నాననీ నాకు అప్పుడప్పుడూ అనిపించేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ రెండేళ్ళు ముట్టుకోలేదన్న మనిషితో ఆ మాటెలా అంటాం? పైగా తొందర అనగానే వేలు నా వైపు చూపించడం లోకానికే కాదు, నాకూ అలవాటైపోయింది. “చూసుకుంటాలే” అన్నాను.

మర్నాడు పాట మళ్ళీ పరుగెత్తింది. మాస్టారు చెయ్యెత్తి ఆపేశారు.

“ఇవాళ తేలాల్సిందే. ఎవరు లాగుతున్నారు?”

చీమ మెల్లగా, “డ్రమ్సే ముందుకెళ్తున్నాయి మాస్టారూ” అంది.

నాతోపాటు డ్రమ్స్ నేర్చుకోవడానికి వచ్చిన ఇంకొకడున్నాడు. పొడుగ్గా, నిటారుగా ఉంటాడు, దెబ్బ కొలిచినట్టు వేస్తాడు. అందరూ స్కేలు అంటారు. మాస్టారు నన్ను లేపి వాణ్ణి కూర్చోబెట్టారు. పాట ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది, వెంట్రుకవాసి కదల్లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. నా చేతికి కంజిర లాంటి ఒక టాంబరిన్ ఇచ్చి ట్రంపెట్ల వెనక నిలబెట్టారు.

టీ బ్రేక్‌లో ఆమే వచ్చింది.

“సారీ. ఉన్నమాటే అన్నాను.”

“తప్పేముంది? పాట కుదిరింది కదా.”

“కోపమా?”

“లేదు.”

“మరి నా వైపు చూడవేం?”

“డ్రమ్స్ వాయించేవాళ్ళు చూడాలి. టాంబరిన్‌కి ఆ అవసరం లేదు.”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. వెనక్కి పిలుద్దామనుకునేలోపే వెళ్ళిపోయింది. అవసరమైనప్పుడు మాత్రం నాకు తొందర రాదు.

ఇంట్లో నాన్న భూతద్దం కంటికి పెట్టుకుని ఒక ఆడవాళ్ళ వాచీ విప్పుతున్నారు. జరిగింది చెప్పాను. ఇక స్టూలు సంగతి ఎత్తుతారని ఎదురుచూశాను.

“రేపు వెళ్తావా?” అన్నారు, తలెత్తకుండానే.

“టాంబరిన్ ఊపడానికా నాన్నా? మానేస్తాను.”

“వెళ్ళు. మధ్యలో మానేస్తే అదీ తొందరే.” భూతద్దం తీసి నా వైపు చూశారు. “నిన్ను ఆ మాట అని అని, నీదే తప్పని నువ్వే ఒప్పేసుకునేలా చేశామేమో రా” అన్నారు. నాన్న అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మంచినీళ్ళ నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వెళ్ళాను. వారమంతా టాంబరిన్ ఊపాను. కాన్సర్ట్‌కి ముందురోజు మాస్టారు, “ట్రంపెట్ల వెనక నీ టాంబరిన్ ఎవరికీ వినపడటం లేదయ్యా, ముందుకొచ్చి పియానో పక్కన నిలబడు” అన్నారు.

నిలబడ్డాను. సరిగ్గా చీమకి ఎదురుగా.

పాట మొదలైంది. కాసేపటికి ఏదో తేడా. బాస్ ముందుకి పోతోంది, దాని వెంట పియానో, దాని వెంట శాక్సోఫోన్లు. స్కేలు ఒక్కడే పట్టుదలగా పాత వేగంలో కొడుతున్నాడు. పాట రెండుగా చీలి, సంతలా తయారై ఆగిపోయింది.

“మాస్టారూ, నేను కాదు!” అన్నాడు స్కేలు, ప్రాణం పోయినట్టు.

మాస్టారు గడ్డం గోక్కుంటూ అటూ ఇటూ చూశారు. “ఎక్స్‌ప్రెస్, నువ్వు మళ్ళీ వెనక్కి వెళ్ళు.”

వెళ్ళాను. పాట నిలకడగా నడిచింది.

“ఇప్పుడు ముందుకి రా.”

వచ్చాను. పరుగు.

“వెనక్కి.”

నడక.

“ముందుకి.”

ట్రంపెట్ల వాళ్ళు నవ్వాపుకోలేక కుర్చీల మీద పడిపోయారు. నాకు మాత్రం బుర్ర వెలగలేదు. నా సంగతి దగ్గరికొచ్చేసరికి వెలగడం ఎప్పుడూ ఆలస్యమే.

చీమ బాస్‌ని జాగ్రత్తగా పక్కకి పడుకోబెట్టింది. ముఖం కందిపోయింది.

“మాస్టారూ, నేనే” అంది. “అందరి ముందూ ఇతన్ని అన్నాను కాబట్టి అందరి ముందే చెప్తాను. స్కేలుతో వాయిస్తే నా చెయ్యి బాగానే ఉంటుంది. ఇతను ఎదురుగా ఉంటేనే ఉండదు. ఇతను చూస్తే గుండె కొట్టుకున్నట్టే వేళ్ళూ పోతాయి. ఇన్నాళ్ళూ ఇతనే తరుముతున్నాడనుకున్నాను. తరిమింది నేను. ఇతను నా వెంట వచ్చాడంతే.”

“ఇన్నాళ్ళూ పాట వేగమే పాడైందనుకున్నానమ్మా,” అన్నారు మాస్టారు, “ఇదా సంగతి!”

ఆమె నా వైపు తిరిగింది. “ఈ వారమంతా నువ్వు నన్ను చూడలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది.”

“చూడలేదని ఎవరన్నారు?” అన్నాను. “పియానో మూత ఎత్తి ఉంటుంది కదా, నల్లగా, అద్దంలా. వెనకనుంచి అందులో నువ్వే కనిపిస్తావు. వారమంతా అదే పని నాకు.”

ఎవరో ఈల వేశారు. స్కేలు లేచి స్టిక్స్ నా చేతిలో పెట్టాడు. “నాకు సగం పాటలు చాలు మాస్టారూ. ఈ గొడవ మధ్యలో కూర్చోవడం నా వల్ల కాదు.”

మాస్టారు నన్ను పక్కకి పిలిచారు. “ఇదిగో అబ్బాయ్, ఆ అమ్మాయి వెంట పరుగెత్తావు చూడు, నీ తప్పు అదీ. రేపు తను పరుగెత్తినా నువ్వు కదలకు. నీ చోటులో నువ్వుండు. తనే తిరిగొస్తుంది.”

మర్నాడు హాలు నిండింది. మూడో వరుసలో అమ్మ, పక్కన నాన్న, నాన్న చేతిలో వాచీ. మా వంతు వచ్చింది. మొదటి పాట సాఫీగా వెళ్ళింది. రెండో పాటలో ఆమె ఉన్నట్టుండి ముందుకి జరిగింది. భయపడిన ముఖంతో నా వైపు చూసింది. నా కాళ్ళూ చేతులూ లేచి వెంట పోతామన్నాయి. పోలేదు. కదలకుండా నా దెబ్బ నేను వేస్తూ, నేనిక్కడే ఉన్నాను అన్నట్టు తలాడించాను. కాసేపటికి ఆమె వేళ్ళు నెమ్మదించాయి. వచ్చి నా దెబ్బ మీద వాలాయి. ఆమె పెదవులు వణకడం నాకొక్కడికే కనిపించింది. ఆ క్షణంలో నాకు కాలేజీ గుర్తులేదు, స్టూలూ గుర్తులేదు.

చివరి పాట చివర్లో ఆమె నిండుగా నవ్వింది. అబద్ధమెందుకు, అక్కడ నేను కాస్త జారాను.

చప్పట్లయ్యాక నాన్న వేదిక వెనక్కి వచ్చారు. అమ్మ వెంటే ఉంది.

“అన్నీ నిలకడగా ఉన్నాయి” అన్నారు నాన్న. “చివరి పాట మాత్రం, ముగింపులో ముందుకెళ్ళింది.”

“నాన్నా, అదీ...”

“తెలుసులే. ఆ అమ్మాయి నవ్వింది.” వాచీ జేబులో వేసుకున్నారు. “కాలేజీకి ఎప్పుడు బయల్దేరాలో చెప్పు. దింపుతాను.”

అమ్మ నా తల నిమిరి, “ఆదివారం ఆ అమ్మాయిని భోజనానికి రమ్మనరా. పన్నెండింటికి” అంది.

“పదకొండుకే వండెయ్యి” అన్నారు నాన్న. “ఆ పిల్ల ముందే వచ్చేస్తుంది.”

“పదిన్నరకే వస్తానండీ” అంది, గుమ్మంలో అడ్డంగా నిలబడ్డ నల్ల కవరు వెనకనుంచి ఒక గొంతు.