ఒసెన్ ముసలమ్మకి మిగిలిన మాటలు

బర్మాలో, పబేడాన్ పేటలో మసాలా దినుసుల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉంది ఆ స్టూడియో. మణిమాల ముప్ఫై ఏళ్లుగా ఆ మెట్లు ఎక్కుతూనే ఉంది. ఎండుమిరపకాయల ఘాటు గొంతులో పడకుండా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రెండో అంతస్తు దగ్గర ఓసారి ఆగి మళ్లీ ఎక్కడం అలవాటు. ఆ రోజు మాత్రం మొదటి అంతస్తులోనే చతికిలబడింది. ఏటి అవతల తాకేటాలో ఉన్న ఇంటి నుంచి రావడానికి రెండు గంటలు పట్టింది. వంతెన మీద బస్సు ఆపి అందర్నీ దింపేశారు. ఫోన్లు తెరిపించారు. చివరికి అన్నం డబ్బా మూత కూడా తీయించి, తుపాకీ గొట్టంతో మెతుకులు కదిపి చూశారు. ఆ అన్నం ఇక తినాలనిపించలేదు ఆవిడకి.

సైన్యం గద్దెనెక్కి రెండు నెలలైంది. మొదట్లో భయమేసేది. ఇప్పుడు భయపడడానికి కూడా ఓపిక లేదు.

స్టూడియోలో లోకనాథం ఒక్కడే ఉన్నాడు. గొంతులు రికార్డు చేసేది ఆయనే. వరసకి బాబాయి కాకపోయినా మణిమాల అలాగే పిలుస్తుంది. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఓడలో వచ్చి సేక్కాన్ రేవులో మూటలు మోసినవాళ్లు.

“ఒచ్చినావా మణీ, కూకో. ముందు నీళ్లు తాగు,” అన్నాడాయన.

పని కొత్తదేం కాదు. జపాన్‌వాళ్లు గీసిన బొమ్మల సినిమా, హత్య కథ. దానికి బర్మీస్‌లో మాటలు పెట్టాలి. ఒక రేవు ఊళ్లో పాత సత్రం ఉంటుంది. వాన కురిసే ఒక రాత్రి ఆ సత్రం గుమ్మంలో ఎవరో మనిషిని పొడిచి చంపేస్తారు. డిటెక్టివ్ వస్తాడు, అందర్నీ అడుగుతాడు. గుమ్మం పక్క గదిలో ఉండే ఒసెన్ అనే ముసలమ్మని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. దీపం తుడుస్తుంది, వచ్చినవాళ్లకి చెప్పులు అందిస్తుంది, పక్కకి తప్పుకుంటుంది. సినిమా మొత్తం మీద ఆవిడకి ఉన్నవి ఇరవై మూడు డైలాగులు.

అందులో పదకొండు మాటలు సూర్యావతి చెప్పేసింది. మిగతా పన్నెండూ చెప్పడానికి ఇప్పుడు సూర్యావతి లేదు.

మణిమాలా సూర్యావతీ ఒక ఈడువాళ్లు. తాకేటాలో రెండు సందుల ఎడంలో ఇళ్లు. ఎవరి సినిమాలోనైనా నర్సు, పక్కింటావిడ, చేపలమ్మి గొంతు కావాలంటే ఈ ఇద్దర్లో ఒకరిని పిలిచేవారు. మూడు వారాల కిందట ఒక సాయంత్రం, సందుల్లో కాల్పులు జరిగిన రోజున, సూర్యావతి ఇల్లు చేరలేదు. ఆవిడ చెల్లెలు ఫొటో పట్టుకుని ఆస్పత్రులన్నీ తిరిగింది. ఆ పేరుగల మనిషి లేదన్నారు. శవమూ ఇవ్వలేదు, కబురూ లేదు.

ఇంటర్నెట్ కట్టేశారు కాబట్టి సినిమాని డిస్కులో పెట్టి, మర్నాడు విమానం ఎక్కే మనిషి చేత బ్యాంకాక్ పంపాలి. మొత్తం ఇరవై మూడూ నువ్వే మళ్లీ చెప్పేస్తే గొంతు ఒకేలా ఉంటుంది కదా అని లోకనాథం సలహా ఇచ్చాడు. మణిమాల ఒప్పుకోలేదు.

“ఆవిడ గొంతు చెరపొద్దు బాబాయ్. ఇంకేటి మిగిలింది ఆవిడది.”

ఆయన ఆ పదకొండూ అలాగే ఉంచేశాడు.

రికార్డింగు గదికి కిటికీలు లేవు. గోడలకి మందపాటి పరుపులు కొట్టి ఉంటాయి. తలుపు జానెడు మందం. అది మూసుకుంటే మిట్టమధ్యాహ్నమైనా లోపల చీకటే. కాగితం మీద పడే చిన్న దీపం, ఎదురుగా బొమ్మ ఆడే తెర, గాజుపలక అవతల లోకనాథం తల. ఏళ్ల తరబడి ఎంతోమంది ఊపిరి పీల్చి వదిలిన గాలి ఆ పరుపుల్లో ఇంకిపోయి, తడిసిన గోనెసంచి వాసన వేస్తుంది.

హెడ్‌ఫోన్ పెట్టుకుంది. సూర్యావతి చెప్పిన పదకొండూ ముందుగా వినిపించమంది. విన్నది. మాట చివర కాస్త జీరపోయే గొంతు సూర్యావతిది. అదే జీర తెచ్చుకుని మణిమాల పన్నెండోది చెప్పింది. పదమూడోది చెప్పింది. లోకనాథం బొటనవేలు ఎత్తి చూపించాడు.

పధ్నాలుగోది చెప్పాక వెనక్కి తిప్పి విన్నప్పుడు, తన మాటకి ముందు ఒక ఊపిరి వినబడింది. తనది కాదు. పరిగెత్తి వచ్చి ఆగిన మనిషి ఊపిరి.

సూర్యావతి పాత రికార్డింగులోది కలిసిపోయి ఉంటుందన్నాడు లోకనాథం. అలాగే ఉంటుందిలే అనుకుంది. అలసిపోయిన మనిషికి ఏ జవాబైనా సరిపోతుంది.

తరవాత వాన రాత్రి దృశ్యం వచ్చింది. తెర మీద ఒసెన్ ముసలమ్మ చాప మీద కూర్చుని ఉంది. బయట ఎవరో తలుపు కొడతారు. మూడుసార్లు. ముసలమ్మ తల ఎత్తి దీపం ఆర్పేస్తుంది. అంతే, మాటలేవీ లేవు.

మణిమాలకి నాలుగు దెబ్బలు వినిపించాయి.

మళ్లీ వేయమంది. మళ్లీ నాలుగే. అవతల లోకనాథానికి మూడే వినబడ్డాయి. యంత్రంలో చూసినా మూడు గీతలే లేచాయి. నాలుగోది చాలా మెల్లగా ఉంది. గట్టిగా కొడితే వేరే ఎవరైనా వింటారేమోనని భయపడి అరచేత్తో కొట్టినట్టు.

ఆ చప్పుడు మణిమాలకి తెలుసు.

ఈ మూడు వారాల్లో ఆవిడ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ సాయంత్రం కాల్పులు మొదలయ్యాక ఆవిడ దీపం ఆర్పి, ఒంటరిగా, మంచం పక్కన నేల మీద పడుకుంది. సందులో ఎవరో పరిగెత్తుకొచ్చారు. తన తలుపు మీద అరచేత్తో కొట్టారు. మాట లేదు, ఊపిరి ఒక్కటే. బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. మణిమాల లేవలేదు. సైనికులు ఎర వేస్తున్నారేమో అనుకుంది. ఎవరో తెలియని మనిషి అయి ఉంటుందనుకుంది. పొద్దున్న తలుపు తీస్తే గుమ్మంలో ఎవరూ లేరు. ఎవరో నీళ్లు పోసి శుభ్రంగా కడిగేశారు. సూర్యావతి రాలేదని మధ్యాహ్నం తెలిసింది.

ఇరవై మూడో మాట మిగిలింది. సినిమా చివర డిటెక్టివ్ వెళ్లిపోతుంటే, ఎవరూ అడగకుండానే ఒసెన్ ముసలమ్మ చెప్పే మాట. ‘తలుపు కొట్టడం విన్నాను. తియ్యలేదు.’

మొదటిసారి బొమ్మ పెదవులు ఆగిపోయాక మొదలెట్టింది. రెండోసారి పెదవులు బొమ్మకంటే ముందు కదిలాయి. మూడోసారి దగ్గొచ్చింది. నాలుగున్నర అయింది. ఎనిమిదికి కర్ఫ్యూ. ఈలోగా వంతెన దాటాలి. కాసేపు బయటికి రమ్మని లోకనాథం సైగ చేశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు బయటికెళితే మళ్లీ లోపలికి రాలేనని తెలుసు.

నాలుగోసారి చెప్పింది. సూర్యావతి జీరా లేదు, నటనా లేదు. తన గొంతుతోనే చెప్పింది.

గాజు అవతల లోకనాథం వెనక్కి తిప్పి వినిపించాడు.

‘తలుపు కొట్టడం విన్నాను. తియ్యలేదు.’

ఆ వెనకే… చాలా దగ్గరగా… తెలుగులో…

“నేనే మణీ.”

మణిమాల చూపు లోకనాథం మీదికి వెళ్లింది. ఆయన చెయ్యి గాలిలో ఆగిపోయి ఉంది. ఆయనా విన్నాడు. యంత్రం తెరకేసి చూశాడు, వేలు పెట్టి వెతికాడు. ఆ చోట గీత చదునుగా ఉంది. అక్కడ చప్పుడే లేదు.

కరెంటు పోయింది.

తెర ఆరింది. దీపం ఆరింది. గాజు నల్లబడింది. పరుపుల వాసన ఒక్కసారిగా దగ్గరికొచ్చినట్టయింది. హెడ్‌ఫోన్ తీసేద్దామని చెయ్యెత్తింది. అందులో ఊపిరి… ఇంకా వినబడుతోంది. కరెంటు లేదు. యంత్రం లేదు. అయినా ఊపిరి.

హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఊపిరి ఆగలేదు. ఇప్పుడు తలుపు అవతల ఉంది.

జానెడు మందం తలుపు. అవతల కేక పెట్టినా ఇవతలికి రాదు. ఆ తలుపు మీద అరచెయ్యి పడింది. ఒకసారి… మళ్లీ… తొందర లేకుండా. బతిమాలుతున్నట్టు.

ఈ మూడు వారాలూ పడుకున్నా లేచినా తన ఇంటి తలుపు వెనకే బతికింది మణిమాల. ఇంకోసారి తీయకుండా ఉండే శక్తి లేదు. గోడ తడుముకుంటూ వెళ్లి పిడి పట్టుకుంది. ఇనుము మంచులా ఉంది.

“రా సూర్యా,” అంది మెల్లగా. “తీసినాను. లోపలికి రా.”

తలుపు లాగింది.

వేడి గాలి ఆవిడ పక్కనుంచి లోపలికి వెళ్లింది. మనిషి రాసుకుంటూ వెళ్లినట్టు. కాస్త ఆగి మళ్లీ. మళ్లీ. తలుపు పట్టుకుని నిలబడే ఉంది. ఎంతసేపో తెలియదు. అవతల లోకనాథం ఫోన్ వెలుగు వేశాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఎవరో నడిచి వెళ్తుంటే దారి ఇచ్చినట్టు మోకాళ్లు పక్కకి తిప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

“నువ్వేనా మణీ, లోపల్నించి కొట్టినావు?” అన్నాడు కళ్లు తెరవకుండానే.

ఆవిడ అవునంది.

కరెంటు వచ్చాక మళ్లీ పెట్టి చూశారు. ఒసెన్ మాట ఒక్కటే ఉంది, ఇంకేమీ లేదు. లోకనాథం డిస్కు మూటగట్టాడు. రేపట్నుంచి స్టూడియో తీయనని, ఎవరైనా పిలిచినా రావద్దని చెప్పి, మెట్ల దాకా వచ్చి దిగబెట్టాడు.

ఏడున్నరకి మణిమాల ఇల్లు చేరింది. మనసు తేలికపడిందని నిజంగానే అనుకుంది. మూడు వారాల తరవాత ఆకలేసింది. అన్నం వార్చింది, రొయ్యపొడి కలుపుకుని తిన్నది.

ఎనిమిదయింది. ఒక ఇంట్లో మొదలై సందు సందంతా గిన్నెలూ పళ్లేలూ మోగాయి. ఇంట్లో చొరబడ్డ చెడుని తరమడానికి బర్మావాళ్లు తాతల నాటినుంచీ చేసే పని అది. ఈ రెండు నెలలుగా ప్రతి సాయంత్రం సైన్యాన్ని తరమడానికి చేస్తున్నారు. మణిమాల కూడా కిటికీ దగ్గర నిలబడి పళ్లెం మీద గరిటెతో కొట్టింది.

వీపు వెనక ఎవరో మూలిగారు.

“ఒద్దు మణీ… కొట్టకు.”

గరిటె ఆగింది. సూర్యావతే. మణిమాల కళ్లలో నీళ్లు తిరిగాయి. మెల్లగా పళ్లెం కిందపెట్టి అలాగే, వెనక్కి తిరక్కుండా నిలబడింది.

ఎదురింటి కిటికీలో డా టిన్ అనే బర్మా ముసలమ్మ కూడా కొట్టడం ఆపేసింది. చెయ్యి చాస్తే అందేటంత సందు. ముసలిది కళ్లు చికిలించి, మణిమాల భుజం మీదుగా గదిలోకి చూసింది.

“ఇంతమంది చుట్టాలొచ్చారా?” అంది బర్మీస్‌లో, గొంతు తగ్గించి. “రాత్రికి ఉండేవాళ్ల పేర్లు వార్డు ఆఫీసులో రాయించాలి కదా, రాయించావా?”

ఎంతమంది ఉన్నారని మణిమాల అడగలేకపోయింది. వెనక చాప మీద ఒకరి తరవాత ఒకరు సర్దుకుని కూర్చుంటున్న చప్పుడు.

డా టిన్ కిటికీలోంచి ఇంకాస్త ముందుకి వంగింది. ముఖం విప్పారింది. పొద్దున్ననగా పనికెళ్లిన మొగుడి కోసం సాయంత్రం నుంచీ గుమ్మంలో కాచుక్కూర్చుందట. ఫోన్లు కూడా పనిచేయడం లేదాయె.

“ఇదిగో, మా ఆయన మీ ఇంట్లో కూర్చున్నాడేం?” అంది. “అన్నం చల్లారిపోతోంది, రమ్మని చెప్పు.”