గొలుసు వేయని సైకిలు

"ఏవండీ, ఆ సైకిలు కాస్త పక్కకు జరపండి."

భీమడోలు స్టేషన్ బయట ఇనుప కమ్మీకి సైకిలు ఆనించి వెళ్లబోతున్న సాల్మన్ వెనక్కి తిరిగాడు. తెల్ల యూనిఫాంలో ఒకమ్మాయి, చేతిలో లావుపాటి గొలుసు, ముక్కు మీద కోపం.

"నేను ముందొచ్చానండీ."

"మీరు దేనికీ కట్టట్లేదుగా! కమ్మీ మీకెందుకండీ?"

"వెనక చక్రానికి తాళం వేశాను."

"ఎత్తి భుజాన వేసుకుపోతే ఆ తాళం ఏం చేస్తుందండీ?"

సాల్మన్ సైకిలు జరిపాడు. ఆమె గొలుసును వెనక చక్రంలోంచి, ఫ్రేములోంచి దూర్చి కమ్మీకి బిగించింది. తాళం గట్టిగా గుంజి చూసింది.

"ఏనుగుని కడుతున్నారా అండీ?"

"పోగొట్టుకుంటే తెలుస్తుంది" అంటూ ఆమె రైలు కోసం పరుగెత్తింది.

ఆమె పేరు నిస్సీ. ఏలూరులో నర్సింగ్ చివరి సంవత్సరం. నిరుడు ఇక్కడే సైకిలు పోయింది. తాళం వేసినదాన్ని వేసినట్టే ఎవరో మోసుకుపోయారు. "ఇక హాస్టల్లో ఉండవే" అంది తల్లి హన్నమ్మ. నిస్సీ వినలేదు. ఊరినుంచి స్టేషన్‌కి సైకిలు మీదే వెళతానంది. ఈసారి పోనివ్వనంది.

సాల్మన్ తాడేపల్లిగూడెంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. అతని రైలు అటు, ఆమెది ఇటు. కమ్మీ దగ్గర మాత్రం రోజూ కలిసేవారు.

"గొలుసు కొన్నారా?"

"రేపు కొంటానండీ."

"రోజూ ఇదే మాట!"

"కొనేస్తే మీరు అడగడం మానేస్తారు కదండీ."

నవ్వు కనిపించకుండా నిస్సీ తల తిప్పేసుకుంది.

ప్రాక్టికల్ పరీక్ష రోజు పొద్దున్నే వాన. రైలెక్కి కిటికీలోంచి చూసిన నిస్సీ ఉలిక్కిపడింది. రెయిన్‌కోటు వాడొకడు సాల్మన్ సైకిలు భుజానికెత్తుకుంటున్నాడు. సాల్మన్ అవతలి ప్లాట్‌ఫారం మీద ఫోనులో మునిగి ఉన్నాడు. రైలు కూత వేసింది.

నిస్సీ దిగిపోయింది.

పరుగున వెళ్లి క్యారియర్ రెండు చేతులతో పట్టుకుంది. "దొంగ! దొంగ!" వాడు ఈడ్చినా వదల్లేదు. టీకొట్టు తాతారావు కర్ర పట్టుకుని వచ్చేసరికి వాడు సైకిలు పడేసి పారిపోయాడు. అప్పటికే రైలు కదిలిపోయింది.

అరుపులు విని సాల్మన్ రొప్పుతూ వచ్చాడు. "మీ పరీక్ష?"

"ఎలాగైనా వెళతానండీ."

బస్సులు కిక్కిరిసి ఆపకుండా పోతున్నాయి. నిస్సీ తన సైకిలు విప్పి ఏలూరు వైపు తొక్కింది. సాల్మన్ వెంటే బయల్దేరాడు. హైవే మీద లారీలు బురద చిమ్ముతున్నాయి. గుండుగొలను దాటేసరికి ఆమె వేగం తగ్గింది.

"ఆగుదామా అండీ?"

"ఆగితే మళ్లీ తొక్కలేను. పదండి!"

ఎదురుగాలి ఆమెకు తగలకుండా అతను ముందుకు వెళ్లాడు.

కాలేజీలో తడిసి ముద్దయి నిలబడ్డ నిస్సీని చూసి మేడమ్ ఒక్క క్షణం ఆలోచించింది. "బట్టలు ఆరాక, అందరి తర్వాత రామ్మా."

మధ్యాహ్నం బయటికొస్తే గేటు దగ్గర సాల్మన్, రెండు సైకిళ్ల హ్యాండిళ్లూ పట్టుకుని.

"షాపుకి వెళ్లలేదా?"

"మీ గొలుసు భీమడోలులోనే ఉండిపోయిందండీ. అందుకని కాపలా." గొంతు సవరించుకున్నాడు. "నిస్సీగారూ, మీరంటే నాకు చాలా ఇష్టమండీ. ఆదివారం మా అమ్మని మీ ఇంటికి తీసుకురానా?"

ఆమె అతని బురద చొక్కా వంక చూసింది.

"ఉద్యోగం వచ్చాకే పెళ్లి. డ్యూటీకి సైకిలు మీదే వెళతాను."

"అలాగేనండీ. మరి ఆదివారం?"

"ప్రార్థన అవగానే రండి. మా అమ్మకి ఇవాళే నేను చెబుతాను."