పాత డ్రైవర్

బ్రౌజర్ మళ్లీ క్రాష్ అయింది.

ఏజెంట్ మహిపాల్ పళ్లు నూరాడు. దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్లో, బ్యాంకు కోచింగ్ కుర్రాడి వేషంలో ఉన్నాడతను. తోటి ఏజెంట్ కృష్ణను విదేశీ ముఠా కారు డిక్కీలో పడేసి తీసుకుపోతోంది. విజయవాడ హైవే ఎక్కిందా, శవమే! కృష్ణ బూటు మడమలో ట్రాకర్ ఉంది. కారెక్కడుందో చూపించే ఆ దిక్కుమాలిన మ్యాప్ తెరిస్తే చాలు, స్క్రీన్ నల్లబడుతోంది.

హెడ్‌క్వార్టర్స్‌కు ఫోన్ కొట్టాడు. టెక్నికల్ ఆఫీసర్ సౌందర్య ఎత్తింది.

“బ్రౌజర్ మంచిగనే ఉంది. మ్యాప్ గీసేది డిస్‌ప్లే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్. నీ సిస్టంల ఉన్న డ్రైవర్ ఏ కాలం నాటిదో! కొత్తది ఎక్కించు.”

“అంటే, లోపల కూసొని క్రాష్ చేయిస్తున్నది పాత డ్రైవరేనా?”

“గంతే. జల్ది కానియ్.”

పక్క క్యాబిన్లో ఎర్ర లిప్‌స్టిక్ పెదాలు బిగుసుకున్నాయి. విజయశ్రీ! ఏజెన్సీకీ పనిచేస్తుంది, ముఠాకూ పనిచేస్తుంది. మహిపాల్ కాలర్లో ఆమె దాచిన మైక్ అతని మాటలు మాత్రమే వినిపించింది. వెంటనే ముఠా నాయకుడు విక్టర్‌కు ఫోన్ చేసింది.

“మీ పాత డ్రైవర్ మట్టయ్య ఆళ్ల మనిషంట! కారు గుద్దిస్తడంట!”

మట్టయ్య ఎవరి మనిషీ కాదు. నల్గొండ నుంచి వచ్చి స్టీరింగ్ నమ్ముకుని బతుకుతున్నవాడు. మూసారాంబాగ్ బ్రిడ్జి దగ్గర కారు ఆపించారు.

“నేనేం జేసిన సార్?” అన్నాడు.

సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో కాల్చి మూసీలోకి తోసేశారు. పాపం, ఎందుకు చస్తున్నాడో కూడా తెలియలేదు. విక్టర్ తన వెంట తెచ్చుకున్న విదేశీయుడు స్టీరింగ్ పట్టాడు.

డ్రైవర్ అప్‌డేట్ పూర్తయింది. సిస్టం రీస్టార్ట్ అయింది. మ్యాప్ నిలబడింది! ఎర్ర చుక్క ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఆగి ఉంది. మహిపాల్ బైక్ మీదికి దూకాడు.

చౌరస్తాలో తెలంగాణ కోసం వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద పొయ్యిలు, గుండిగలు. మట్టయ్యైతే గల్లీలు పట్టి బయటపడేవాడు. కొత్తవాడు హారన్ మోగించాడు.

“బువ్వ కాడ హారనేందిరా?” పొయ్యి దగ్గర వండుతున్న రాములమ్మ గరిటె పట్టుకుని కారుకు అడ్డం నిలబడింది. జనం చుట్టుముట్టారు.

విక్టర్ దిగి డిక్కీ తెరిచాడు. కృష్ణ నుదుటికి పిస్టల్ ఆనించాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది. మహిపాల్ పేల్చిన గుండు ఆ మణికట్టును నుజ్జు చేసింది. కృష్ణ బతికాడు.

“డ్రైవర్ మీ మనిషి... విజయశ్రీ చెప్పింది! వాణ్ని చంపి తప్పు చేసింది మేము!” వచ్చీరాని తెలుగులో విక్టర్ ఏడ్చాడు.

విజయశ్రీని పట్టుకోమని మహిపాల్ హెడ్‌క్వార్టర్స్‌కు ఫోన్ కొట్టాడు.

సంకెళ్లు పడ్డాక విజయశ్రీ ఎగిరిపడింది. “పాత డ్రైవర్ అని నువ్వే అన్నవ్ గద! నా చెవులార ఇన్న!”

“కంప్యూటర్ డ్రైవర్‌ను అన్న మేడం,” అన్నాడు మహిపాల్. “దానికి పెండ్లాం పిల్లలుండరు.”